నీలిపూస

బరువు చూసే యంత్రం ముల్లును సున్నా దగ్గరికి తెచ్చి, దానిమీద కొత్త కాగితం పరిచి, జీవ్కా పరీక్షగది కిటికీ తెరిచింది. ఎనిమిది కొట్టకముందే మంచం మీద దుప్పటి మార్చాలి, బీపీ పట్టీ చుట్టిపెట్టాలి, రక్తం తీసే సీసాలు వరసగా సర్దాలి. నర్సుగా ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే వరస. పొట్టి మనిషి. వెడల్పాటి చేతులు. మందుసబ్బుతో కడిగి కడిగి వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలింది. కుడికాలు కాస్త ఈడుస్తుంది. కడుపుతో ఉన్నవాళ్లను చూసే ఈ ఆసుపత్రికి ఊళ్లో సగం మంది తల్లులు ఆమె చేతుల మీదుగానే వచ్చివెళ్లారు. కానీ తెల్లకోటు విప్పి బజారులో నడిస్తే ఆమెను ఎవరూ గుర్తుపట్టరు.

కోట్లు తగిలించే కొక్కేనికి ఏదో వేలాడుతోంది. మార్తెనిత్సా. మార్చి ఒకటిన ముంజేతికి కట్టుకుని, పూసిన చెట్టు కంటబడగానే విప్పి దాని కొమ్మకు కట్టి ఏదో ఒకటి కోరుకునే ఎర్ర తెల్ల దారం. ఈ నెలలో ఊళ్లో ప్రతి చేతికీ ఉంటుంది. ఎవరో మరిచిపోయారనుకుంటూ తీసి చూసింది. పేట నడుమ నీలిపూస ఉంది.

ఊరంతటిలో మార్తెనిత్సాకి నీలిపూస గుచ్చేది జీవ్కా ఒక్కతే. ఈ ఏడు రెండే చేసింది. ఒకటి తన చేతికుంది. రెండోది కూతురు బిలియానా చేతికి తనే ముడివేసింది. మొన్న శుక్రవారం తను సెలవు. ఆరోజు పిల్ల తన కోసం వచ్చి, దీన్ని ఇక్కడ మరిచి వెనక్కి వెళ్లిందేమోలే అనుకుని దారం కోటు జేబులో వేసుకుంది. అయితే కబురైనా చెప్పలేదేం అని ఒక్క క్షణం అనిపించింది గానీ, అప్పటికే తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు.

వచ్చినమ్మాయి పేరు ఎలిత్సా. పంతొమ్మిదేళ్లుంటాయి. కుండలు చేసే చోట పనిట, గోళ్ల కింద ఇంకా మట్టి ఉంది. కుర్చీ అంచున కూర్చుని చేతిసంచీ వదలకుండా పట్టుకుంది.

"ఇవాళ నొప్పి ఏమీ ఉండదు తల్లీ," అంది జీవ్కా. "బరువు చూస్తా, బీపీ చూస్తా, రెండు సీసాల రక్తం తీస్తా. తర్వాత బోలెడు ప్రశ్నలు అడుగుతా. సిగ్గుపడకుండా చెప్పు. నువ్వు చెప్పింది ఈ గది దాటదు."

అది ఉత్తమాట కాదు. ఎవరి పెళ్లి ఎన్నో నెలలో అయిందో, ఎవరి బిడ్డకు తండ్రి ఎవరో, అన్నీ ఆమె కడుపులోనే ఉన్నాయి. ఒక్కటీ ఎప్పుడూ బయటకు పొక్కలేదు.

ఆఖరిసారి బయట చేరిన తేదీ, ఇంట్లో చక్కెరవ్యాధి, కవలలు, వాడే మందులు, అన్నీ అడిగి కార్డులో రాసింది. సిగరెట్లు లేవని చెప్పిన ఎలిత్సా రెండు ప్రశ్నల తర్వాత తనంతట తానే రోజుకి నాలుగంది. జీవ్కా కోప్పడలేదు, నాలుగు అని రాసుకుంది. కాన్పు తేదీ లెక్కగట్టే అట్టచక్రం తిప్పి చూసి, ద్రాక్షకోతలు అయ్యాక అక్టోబరు చివర కాన్పని చెప్పింది. పిల్ల మొహంలో అప్పుడు మొదటిసారి నవ్వు వచ్చింది.

"మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకు. మీ అమ్మకి తప్ప."

"మా అమ్మకి చెబితే సాయంత్రానికల్లా వీధంతా దండోరానే."

"అయినా అమ్మకి చెప్పకుండా ఎట్లా ఉంటావే?"

కార్డులో ఆఖరి ప్రశ్న, ఏదైనా అవసరమైతే ఎవరికి కబురుచేయాలి అని. ఎలిత్సా ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా వాళ్లమ్మ పేరే చెప్పింది. జీవ్కాకి ఎందుకో తృప్తిగా అనిపించింది.

పిల్ల వెళ్లాక ఆ కార్డును కొత్తవాళ్ల అరలో పెట్టబోయింది. అన్నిటికన్నా పైన శుక్రవారం నాటి కార్డు ఉంది. డాక్టర్ హజీయేవా రాత. బిలియానా పేరు. పదో వారం. ఇంతకుముందు ఒక గర్భం, తొమ్మిదో వారంలో పోయింది. అవసరమైతే కబురు: స్తెఫ్కా, అత్తగారు, బుర్గాస్. కార్డు నకలు బుర్గాస్ ఆసుపత్రికే పంపాలని కింద ఎర్రపెన్సిలుతో రాసి ఉంది.

జీవ్కా దాన్ని మూడుసార్లు చదివింది. అల్లుడికి బుర్గాస్ రేవులో పని దొరికిందని, ఈ మధ్యాహ్నం బస్సుకే ఇద్దరూ వెళ్లిపోతున్నారని తెలుసు. దారిలో తినడానికి పొద్దున్నే లేచి, జున్ను పొరలు పెట్టి కాల్చే బనిత్సా కూడా చేసి పెట్టింది. ఇది మాత్రం తెలియదు. కొక్కేనికి దారం ఎందుకుందో ఇప్పుడు అర్థమైంది. ఆ పూసను చూస్తే ఎవరి కూతురో ఎవరైనా పసిగడతారని విప్పి అక్కడ తగిలించింది, వెళ్తూ మరిచిపోయింది. తల్లి కట్టిన దారం తల్లి గదిలోనే దాచి, తల్లికి తెలియకుండా పరీక్ష చేయించుకుంది.

డాక్టరు గదికి వెళ్లి కార్డు బల్లమీద పెట్టింది. డాక్టరు కళ్లద్దాలు తీసింది. "మాట తీసుకుంది జీవ్కా. ఇచ్చాను. ఇక్కడ అందరికీ ఇచ్చే మాటే కదా," అంది. ఆరోజు ఎవరి కంటా పడకుండా బిలియానాకి వెనకవైపు తలుపు తీసింది ఇక్కడ ఊడ్చే మీమా అని కూడా తేలింది. మీమా పొద్దున కాఫీ పోసి, అర్ధగంట సేపు తన మోకాళ్ల గురించి చెప్పింది. ఆ నోరు ఒక్కసారైనా తడబడలేదు. జీవ్కాకి ఒళ్లు మండిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లు కలిసి తిన్నవాళ్లు వీళ్లు.

రెండేళ్ల కిందట బిలియానా ఆరో వారంలోనే వంటింట్లోకి వచ్చి, మెడచుట్టూ చేతులేసి, అందరికన్నా ముందు తనకే చెప్పింది. జీవ్కా సంతోషం పట్టలేక ఇదే డాక్టరుకీ, ఇదే మీమాకీ, పొరుగింటికీ, రొట్టెల కొట్టావిడకీ చెప్పింది. ఉన్ని కొని మేజోళ్లు మొదలుపెట్టింది. తొమ్మిదో వారంలో అంతా అయిపోయింది. నాలుగోనాడు రొట్టె కోసం వెళ్లిన బిలియానాని కొట్టావిడ కావలించుకుని అందరి ముందూ ఏడ్చింది. పిల్ల రొట్టె లేకుండానే తిరిగొచ్చి, గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. తల్లిని ఒక్క మాట అనలేదు. అనలేదు కదా అని జీవ్కా అది అక్కడితో పోయిందనుకుంది.

ఊరందరి గుట్టూ దాచింది. కూతురిది మాత్రం తన సొంత సంతోషం అనుకుంది. తప్పే. అయినా అత్తగారికి తెలిసి, ఊడ్చే మనిషికి తెలిసి, తనకి మాత్రం తెలియకూడదా? మధ్యాహ్నం దాకా ఇంకో ముగ్గురిని చూసింది. ముగ్గురికీ అవే మాటలు చెప్పింది, అమ్మకి తప్ప అన్న ముక్క ఒక్కటి వదిలేసి.

రెండున్నరకి బిలియానా వచ్చింది. ఎదురుగా బస్సు ఆగేచోట అల్లుడు పెట్టెలతో నిలబడి ఉన్నాడు. పిల్ల మొహం కాస్త పాలిపోయింది, పెదవులు ఎండాయి. వారం రోజులుగా కనిపించినప్పుడల్లా ఇలాగే ఉన్నా ప్రయాణం హడావిడి అనుకుంది జీవ్కా. ముంజేయి బోసిగా ఉంది.

"దారం ఏదే?"

"పొద్దున మన సందు చివర చెట్టు పూసిందమ్మా. కొమ్మకి కట్టేశా." రెప్పైనా వేయకుండా చెప్పింది.

జేబులో జీవ్కా వేళ్లకి నీలిపూస తగిలింది. తీసి అరచేతిలో పెడితే చాలు. అప్పుడు ఏడుస్తుందో, కసురుతుందో, ఏదో ఒకటి జరుగుతుంది. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఏదీ చెప్పదు. మూడో నెల నిండడానికి ఇంకా రెండు మూడు వారాలున్నాయి. అప్పటికి ఫోన్ చేస్తే చేస్తుంది.

"ఏం కోరుకున్నావ్?"

"చెబితే జరగదని నువ్వే అంటావుగా."

"అవున్లే. చెప్పకు." జీవ్కా బనిత్సా పొట్లం చేతికిచ్చింది. "ముందు సీట్లో కూర్చో. వెనకయితే కుదుపులెక్కువ."

బిలియానా ఒక్క క్షణం తల్లి మొహంలోకి చూసింది. అలాగేనమ్మా అని, గబగబా ఒకసారి కావలించుకుని మెట్లు దిగింది. మూడుకి బస్సు కదిలింది. ముందు సీట్లో కూతురి తల కనిపించింది, చెయ్యి ఊపిందో లేదో అద్దం మెరుపులో తెలియలేదు.

జీవ్కా కాలీడ్చుకుంటూ ఆసుపత్రి పెరట్లోకి వెళ్లింది. అక్కడి ప్లమ్ చెట్టు వారం కిందటే పూసింది, కింది కొమ్మలనిండా ఊరివాళ్ల దారాలే. బల్ల మీదికెక్కి, చోటున్న ఒక పైకొమ్మ అందుకుని, జేబులోంచి మార్తెనిత్సా తీసి రెండు ముడులు వేసింది. ఏమీ కోరుకోలేదు, ఆ కోరిక తనది కాదు కనుక. కూతురు చెప్పింది అబద్ధం కాకుండా ఉంటే చాలనుకుంది.

కిటికీలోంచి మీమా తొంగిచూసి, ఎవరిదే అది అని అడిగింది.

"ఎవరో మరిచిపోయారు," అని జీవ్కా బల్ల దిగి లోపలికి వెళ్లి చేతులు కడుక్కుంది.

సాయంత్రం గాలికి పూరేకులు కొన్ని రాలాయి. పైకొమ్మన ఎర్ర తెల్ల దారం నడుమ నీలిపూస ఒక్కటే కదులుతూ ఉంది.