కనుబొమల జవాబు

కబురు వచ్చేసరికి సెరువైయా వంటింట్లో కూలబడి కర్రపెండలం చెక్కు తీస్తోంది. "ఆ జపాను రిసార్టువాళ్ళు మళ్ళీ పిలిచారే!" అంటూ పిన్ని మకెరెతా సెరువైయా ఫోను ఊపుకుంటూ వచ్చింది. ఫిజీ రాజధాని సువాలోని విశ్వవిద్యాలయంలో మూడేళ్ళుగా జపనీసు చదువుతూ, ప్రతి పరీక్షలోనూ మొదటి శ్రేణి తెచ్చుకున్న పిల్ల. అయిదు ఉద్యోగాల ఇంటర్వ్యూలు పోయాక సంతోషించే ఓపిక కూడా మిగల్లేదు.

"ఎల్లుండి వీడియోలో మాట్లాడతారట. కింద ఇంకో ముక్క రాశారు, చదువు."

'మీ జపనీసు బాగుంది. కాని మేం చెప్పేది మీకు అర్థమవుతోందో లేదో చివరిదాకా తెలియలేదు. ఇంకొక్కసారి ప్రయత్నిద్దాం.'

"తెలియకపోవడమేంటి! ప్రతిదానికీ ఔనన్నానుగా!" అని సెరువైయా విసుక్కుంది.

పిన్ని పొయ్యివైపు తిరిగి కొబ్బరిపాలు కలుపుతూ, "చెక్కు తీయడం అయిందా?" అంది. జవాబు లేదు. "అయిందా తల్లీ?" మళ్ళీ లేదు. "ఉన్నావా, పోయావా?" అని వెనక్కి తిరిగింది.

"చెప్పానుగా!"

"ఎలా?"

సెరువైయా కనుబొమలు ఎగరేసింది. ఫిజీ ఇళ్ళల్లో ఔననడానికి అంతకన్నా ఏం కావాలి? పెద్దలు మాట్లాడేటప్పుడు తల వంచుకుని, నోరు మెదపకుండా వినడమే మర్యాద కూడాను.

పిన్ని పకపకా నవ్వింది. "ఇరవై ఏళ్ళుగా హోటల్లో దుప్పట్లు మారుస్తున్నాను. నాకొచ్చిన జపనీసు పిడికెడు. అయినా ఆ దేశపు ముసలమ్మలు నాతోనే కబుర్లాడతారు. వాళ్ళు మాటమాటకీ 'హాయ్, హాయ్' అని, అంటే ఔనౌనని, ఊ కొడతారే, నేనూ కొడతాను. నువ్వేమో బొమ్మలా కూచుని బొమలెగరేశావు. పాపం, వాళ్ళు గోడకి చెప్పుకున్నట్టే!"

సెరువైయాకి నవ్వు రాలేదు. తరగతిలో నలభైమందీ పదాలు బట్టీపట్టారు, పేపర్లు రాశారు. ఆ భాషలో ఒకరితో ఒకరు ఒక్కపూటైనా మాట్లాడుకున్నది లేదు. నిరుడు పట్టాలు పుచ్చుకుని ఇంకా ఇళ్ళల్లోనే కూర్చున్న స్నేహితులు గుర్తొచ్చారు.

చదువరులారా, తప్పు పిల్లలది కాదు. మనం వింటున్నామని ఎదుటి మనిషికి తెలిసేలా వినడం కూడా పరభాషలో పాఠమే. కొలువిచ్చేవాడు ముందు చూసేది దాన్నే. ఆ పాఠం చెప్పని చదువు పట్టా ఇస్తుంది గాని కూడు పెట్టదు.

"పిన్నీ, రేపు నీకు సెలవేగా?" అంది సెరువైయా, అలసటగానే. "పొద్దున ఎనిమిదింటికి మా తరగతికి రా. మేడంని నేను ఒప్పిస్తాను. నలభైమందిమీ వరసగా నీతో మాట్లాడతాం. ఊ కొట్టనివాళ్ళకి మొహమాటపడకుండా మొట్టికాయ వెయ్యి. మొదటిది నాకే."