చెంచా పడలేదు

మా ఆయన సిలాసుకు పడకగదిలో నోటికి గుడ్డ కట్టించుకోవడం ఇష్టం. చేతులు కూడా. కట్టేది నేను. పెళ్లయినవాళ్లం, ముప్పై దాటినవాళ్లం, ఇద్దరం ఇష్టపడి చేసుకునే పని. ఇందులో ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోను.

నేను ఆసుపత్రిలో నర్సును. ఊపిరి విషయంలో నా దగ్గర కబుర్లు చెల్లవు. నోరు కడితే "ఆపు" అనడానికి వీలుండదు కాబట్టి అతని చేతిలో స్టీలు చెంచా పెడతాను. అది కింద పడిందా, ఆ క్షణమే అన్నీ విప్పేస్తాను, ఎందుకని కూడా అడగను. కట్టేముందు ఒక్కో ముక్కుపుటం మూసి గాలి ఆడుతోందో లేదో చూస్తాను. జలుబుంటే ఆ రోజుకి లేనట్టే. కత్తెర పక్కనే పెట్టుకుంటాను, గదిలోంచి కదలను.

దీపావళి తర్వాత, దేశ రాజధాని పక్కనున్న మా ఇందిరాపురంలో పొగ గాలి సంగతి చెప్పక్కర్లేదు, బిల్డింగంతా దగ్గే. నా డ్యూటీలూ, అతని గురుగ్రామ్ ఆఫీసూ కలిసొచ్చి ఎన్నాళ్లకో ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరికీ తీరిక దొరికింది. చర్చి నుంచి వచ్చాక ముక్కు ఎలా ఉందని అడిగాను. బాగానే ఉందన్నాడు. చూశాను, బాగానే ఉంది. కట్టాను.

కాసేపటికి అతని ఛాతీ ఎగసిపడే తీరు నాకు నచ్చలేదు. కళ్లలో నీళ్లు. చెంచా వదిలితేనా మహానుభావుడు, పిడికిలి బిగించి పట్టుకున్నాడు. నేనే గుడ్డ కత్తిరించి పారేశాను. గాలి పీల్చుకున్నాక అప్పుడు చెప్పాడు. పొద్దున్నుంచీ ముక్కు దిబ్బడేనట. నాకు తెలియకుండా బాత్‌రూంలో ముక్కులో చుక్కల మందు వేసుకుని వచ్చాడట. పడుకోగానే మళ్లీ మూసుకుపోయిందట.

"చెంచా ఎందుకు వదల్లేదు?"

"వదిలితే నువ్వు ఇంకెప్పుడూ కట్టవని."

చెంప పగలగొడదామనుకున్నాను. పక్కన కూర్చుని ఏడ్చాను. నన్ను నమ్మి చేతులు అప్పగిస్తాడని ఇన్నాళ్లూ మురిసిపోయాను. నేనూ అతన్ని నమ్మే కడుతున్నానన్న సంగతి అతనికి తట్టనే లేదు.

తర్వాత ఎంత బతిమాలాడో. మొన్న సరే అన్నాను. నాకూ కావాలి, అబద్ధమెందుకు. టార్చి వేసి మరీ ముక్కు చూశాను, గొంతు చూశాను. చేతులు కట్టాను. గుడ్డ తీసుకుని దగ్గరికి వెళ్లేసరికి నా మొహం చూసి అన్నాడు.

"బాగానే ఉన్నాను ఎల్సా. నిజంగా."

"అప్పుడూ ఇలాగే అన్నావు."

నిజమే చెబుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. అయినా కట్టడానికి చేతులు రాలేదు.