బుధవారం సూది

మా ఇంట్లో ఆ రోజు గొడవ ఫ్రిజ్ తలుపులో వెన్న పెట్టుకునే అర దగ్గర మొదలైంది.

"నా డబ్బా ఎవరు తీశారు?" అన్నారు మా ఆయన తొలెగెన్, ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి పట్టుకుని. నూట ఇరవై ఆరు కిలోల మనిషి అడ్డంగా నిలబడితే లోపలి దీపం కూడా కనపడదు.

"నేనే తీశాను" అన్నారు మా అత్తగారు ఉల్మెకెన్. "వెన్న అరలో వెన్న పెట్టడం కూడా తప్పేనట్రా ఈ ఇంట్లో?"

"అది మందమ్మా. చల్లగా ఉండాలి."

"నా వెన్న మాత్రం పొయ్యి మీద ఉండాలా?"

"డబ్బా ఎక్కడ పెట్టావో చెప్పు."

"కూరల సొరుగులో, ఉల్లిపాయల పక్కన. పారిపోలేదులే!"

పావుగంట వాదించుకున్నారు. వెన్న ముద్ద రెండు వందల గ్రాములు. డబ్బా అంతకన్నా తేలిక.

ఆ డబ్బాలో ఉండేది కలంలాంటి సూది. వారానికొకటి, పొట్ట మీద వేసుకోవాలి. మా ఆయనకు ఏడేళ్ళుగా చక్కెర జబ్బు. ఆయన బండి నడపడం నేర్పే బడిలో మాస్టారు. ఆయన పక్కన కూర్చుంటే కారు ఒకవైపు ఒరుగుతోందని పిల్లలు చెప్పుకునేదాకా ఆయనకు బరువు గురించి చింత లేదు. డాక్టరమ్మ కాగితం మీద పేగు బొమ్మ గీసి చెప్పింది. అన్నం తిన్నప్పుడు పేగులు ఒంటికి రెండు రకాల కబుర్లు పంపుతాయట. ఈ మందు ఆ రెండింటి గొంతుతోనూ మాట్లాడుతుందట. రక్తంలో చక్కెర అదుపులోకి వస్తుంది, కడుపు నిండిందని మెదడుకు ముందే తెలుస్తుంది. "మోతాదు పెంచిన వారం వికారంగా ఉంటుంది, కొవ్వు జోలికి పోకండి" అని కూడా చెప్పింది.

"ఒక సూదికి రెండు నాలుకలా!" అన్నారు మా అత్తగారు విని. "అచ్చం నా తోడికోడలే."

మంచి పని ఏదైనా బుధవారం మొదలుపెట్టడం మా ఊరు షిమ్‌కెంట్‌లో మావాళ్ళ అలవాటు. పునాది తవ్వినా, పిల్లను బడిలో వేసినా బుధవారమే. మా ఆయన మొదటి సూది కూడా బుధవారమే వేసుకున్నారు. ఎనిమిది వారాల్లో అయిదు కిలోలు తగ్గారు. తొమ్మిదో బుధవారం మోతాదు పెరగాలి.

సరిగ్గా ఆ బుధవారమే మా అమ్మాయి అక్‌బోతాను పెళ్ళికి అడగడానికి తుర్కిస్తాన్ నుంచి వియ్యాలవారు వస్తున్నారు. ముహూర్తం పెట్టింది మా అత్తగారే.

అక్‌బోతా, పెళ్ళికొడుకు సామత్ పశువైద్యం కలిసి చదువుకున్నారు. పిల్లల మధ్య ఏ పేచీ లేదు. భయమంతా సామత్ తండ్రి సాదువకాస్ గురించే. పెళ్ళి ఖాయమైందా అని అడగడానికి మా వైపు "కొవ్వూ కాలేయమూ తిన్నారా?" అని అడుగుతారు. గొర్రె తోక కొవ్వునూ కాలేయాన్నీ పెరుగులో ముంచి, వియ్యంకులు ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటే మాట ముద్ర పడ్డట్టు. సాదువకాస్ తన పెద్దకొడుకు సంబంధానికి వెళ్ళినచోట ఆ ఇంటాయన ముక్కను పెదవికి తాకించి పక్కన పెట్టాడట. "కొవ్వు మింగలేనివాడు మాటేం నిలబెడతాడు?" అని సాదువకాస్ లేచి వచ్చేశాడట. ఒకప్పుడు కుస్తీలు నేర్పిన మనిషి. ఈ కథ రెండు జిల్లాల్లో అందరికీ తెలుసు.

ఆదివారం నేను గోరంత కొవ్వు ఉడికించి మా ఆయన ముందు పెట్టాను, అలవాటవుతుందని. ఆయన దాన్ని చూశారు. కారు కడగాలని గుర్తొచ్చిందంటూ లేచిపోయారు.

"ఏమండీ, ఈ వారం సూది శనివారం వేసుకోండి. డాక్టరమ్మను అడిగాను. వియ్యాలవారు వచ్చేసరికి మీ కడుపూ కుదుటపడి ఉంటుంది" అన్నాను.

"బుధవారం మొదలుపెట్టాను, అయిదు కిలోలు తగ్గాను. నడుస్తున్న అదృష్టాన్ని కాలితో తన్నమంటావా?"

"పోనీ, వాళ్ళను శుక్రవారం రమ్మందామా అత్తయ్యా?"

"నా మనవరాలి పెళ్ళిమాట శుక్రవారమా? అదేమన్నా గుర్రానికి నాడా కొట్టడమా?"

అక్‌బోతా నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. "అమ్మా, నాన్న పెదవికి తాకించి పెట్టేస్తే నా పని అయిపోయినట్టే. సామత్ వాళ్ళ నాన్న లేచి వెళ్ళిపోతాడు. సామత్ తండ్రి మాట దాటడు. ఏదో ఒకటి చెయ్యి."

సోమవారం మధ్యాహ్నం, కొవ్వులా కనిపించేది ఏదైనా దొరుకుతుందేమోనని పని మొదలుపెట్టాను. బంగాళాదుంప ఉడికిస్తే సున్నపు గడ్డలా కనిపించింది. తెల్ల ముల్లంగిని పలుచని బిళ్ళలుగా కోసి ఏడు నిమిషాలు ఉడికిస్తే మాత్రం, అచ్చం తోక కొవ్వే. అదే మెరుపు, అదే జారుడు. ఆరు నిమిషాలైతే పచ్చిదనం పోదు, ఎనిమిదైతే అంచులు చెదురుతాయి. వాసనకు వెల్లుల్లి, పైన పెరుగు. పళ్ళెంలో ఒకవైపు నాలుగు ముల్లంగి ముక్కలు, మిగతా అంతా నిజమైన కొవ్వు. గుర్తుకు ముల్లంగి వైపు ఒక సోయికూర రెమ్మ. వియ్యంకుడు తన ముందున్న ముక్క తీసి మా ఆయన నోట్లో పెడతాడు కాబట్టి, రెమ్మ వియ్యంకుడి వైపు ఉండాలి. అక్‌బోతా చేత మూడుసార్లు చెప్పించుకున్నాను. మా ఆయనకు చెప్పాను, అత్తగారికి చెప్పలేదు.

బుధవారం ఉదయం పదింటికి ఆయన సూది వేసుకున్నారు. ఒంటిగంటకు వియ్యాలవారు దిగారు.

అక్‌బోతా చూపించిన ఫొటోలో సాదువకాస్‌కు కోటు బిగుతుగా ఉండేది. ఇప్పుడు మనిషి కోటు లోపల తిరుగుతున్నాడు. టీ దగ్గర వేయించిన పిండి బిళ్ళ ఒకటి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, తిప్పి, జేబులో వేసుకున్నాడు. రెండోదీ జేబులోకే పోయింది. మా తిండి నచ్చలేదు, మేమూ నచ్చలేదు అనుకున్నాను.

"ఏం వదినగారూ, మా ఆయన మీ ఇల్లు చూసి బెదిరిపోయినట్టున్నాడు, నోరే పెగలట్లేదు" అంది ఆయన భార్య కాలియా నవ్వుతూ.

అక్‌బోతా పళ్ళెం తెచ్చి, చెప్పినట్టే రెమ్మ వియ్యంకుడి వైపు పెట్టింది. నేను ఊపిరి వదిలాను.

"ఇదేమిటే, పెద్దమనిషి ముందు గడ్డి పెడతారా? గడ్డి గొర్రెకు!" అన్నారు మా అత్తగారు. పళ్ళేన్ని సగం చుట్టు తిప్పేశారు. రెమ్మ మా ఆయన ముందుకొచ్చింది.

కాలియా అప్పటికే పాట ఎత్తుకుంది. సాదువకాస్ తన ముందున్న కొవ్వు ముక్క, అసలు సిసలుది, అరచేయంతది, కాలేయంతో కలిపి మా ఆయన నోట్లో కుక్కాడు. మా ఆయన ముఖం పచ్చిమిరపకాయ రంగులోకి తిరిగింది. నమిలారు. మింగారు. కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారాయి.

"అయ్యో, కూతురంటే ఎంత ప్రేమో చూడండి!" అంది కాలియా, తనూ కళ్ళు తుడుచుకుంటూ. "బావగారికి ఇంకొకటి పెట్టండి!"

ఇంకొకటి పెట్టాడు. మరొకటి కూడా.

తర్వాత మా ఆయన వంతు. తన ముందున్నది తీసి సాదువకాస్ నోట్లో పెట్టారు. సాదువకాస్ కళ్ళు మూసుకుని, ఉరికంబం ఎక్కేవాడిలా నోరు తెరిచాడు. ఒకసారి నమిలాడు. ఆగాడు. కళ్ళు తెరిచాడు. నేను తలుపు వైపు చూశాను, ఇక లేచిపోతాడని.

"బావగారూ," అన్నాడు మెల్లిగా, "ఇలాంటి కొవ్వు నా జన్మలో తినలేదు."

అది నిజమని నాకు తెలుసు.

"ఇంకొకటి పెట్టండి" అన్నాడు. పెట్టారు. "సిగ్గుపడకండి, ఇంకొకటి." ఆనవాయితీ ప్రకారం కాలియా వియ్యంకులిద్దరి ముఖాలకూ పెరుగు పూస్తున్నా సాదువకాస్ నోరు ఆగలేదు.

మిగిలిన నాలుగో ముక్కను మా అత్తగారు తీసుకుని నోట్లో వేసుకున్నారు. ఆమెకు ఉన్నవి ఆరు పళ్ళు. తోక కొవ్వుకు పళ్ళతో పనిలేదు. ఆమె మాత్రం నములుతున్నారు. నములుతూనే ఉన్నారు. పాట ఆగిపోయింది.

"కోడలా, ఈ గొర్రె ఏ మడిలో మేసిందే? తోకలో ముల్లంగి మొలిచింది."

నేను నోరు తెరిచేలోపే సాదువకాస్ భుజాలు తడుముకున్నాడు. "ఆవిడను ఏమీ అనకండి పెద్దమ్మా. మొదటి ముక్కకే నాకు తెలిసిపోయింది. తెలిసే తిన్నాను. నిజం కొవ్వయితే ఈ తివాచీ పాడయ్యేది. పొద్దున్నే సూది వేసుకున్నాను."

మా ఆయన తల ఎత్తారు. "ఏ సూది?"

"వారానికొకటి. పొట్ట మీద."

"రెండు కబుర్లదా?"

"రెండు కబుర్లదే."

"బుధవారమా?"

"మరింకెప్పుడు బావగారూ, మంచిపని!"

"ఎన్నో మోతాదు?"

"అయిదోది."

"నాది మూడోది" అన్నారు మా ఆయన, పెద్దన్నయ్యను చూసినట్టు చూస్తూ. ఇద్దరూ పెరుగు ముఖాలతో కావలించుకున్నారు.

"సూదా? నాకు విటమిన్లని చెప్పావు!" అని లేచింది కాలియా. "అయిదు నెలలుగా నీ ప్యాంట్లు కుదిస్తూ, ఏ మాయరోగమోనని నేను ఏడవని రోజు లేదు!"

"చెబితే నవ్వుతావని..."

"ఇప్పుడు ఏడవమంటావా?"

మా అత్తగారు చెంచాతో పళ్ళెం అంచు మీద కొట్టారు. "అన్నీ బాగానే ఉన్నాయి నాయనా. కొవ్వు మింగలేనివాడు మాట నిలబెట్టలేడని ఒకరింటి నుంచి లేచి వచ్చినవాడివి నువ్వే కదా?"

సాదువకాస్ తల దించుకున్నాడు. "ఆ మాటన్న నోరే పెద్దమ్మా ఇది. మీరు లేచిపొమ్మంటే పోతాను."

గుమ్మంలో అక్‌బోతా టీకెటిల్ పట్టుకుని నిలబడి ఉంది. కెటిల్ వంగి టీ చెప్పుల మీద పడుతున్నా చూసుకోలేదు. "మరి మాట ఖాయమైనట్టా, కానట్టా నానమ్మా?"

మా అత్తగారు చాకు తీసుకున్నారు. నిజమైన కొవ్వులోంచి శనగగింజంత, కాలేయంలోంచి శనగగింజంత కోసి, రెండూ కలిపి కొడుకు వేళ్ళకు అందించారు. "నీ వంతు అయింది, మూడు ముక్కలు మింగావు. పెట్టరా."

సాదువకాస్ ఈసారి కళ్ళు తెరుచుకునే తిన్నాడు. మింగాక నాలుక చాపి చూపించాడు, బడిపిల్లాడిలా.

అప్పుడు మా అత్తగారు అందరివైపూ ఒకసారి చూశారు. "ఖాయమైంది. పెళ్ళి వచ్చే నెల రెండో బుధవారం. మీ ఇద్దరి సూదులూ ఇక శనివారం, డాక్టరమ్మను మా కోడలు అడుగుతుంది. అదృష్టం మనిషికి కావాలి, మందుకు అక్కర్లేదు. పెళ్ళి పళ్ళెంలో ముక్క శనగగింజంతే, ముల్లంగి మాత్రం వేరే గిన్నెలో, పేరు చెప్పి పెట్టాలి."

చాకు పళ్ళెంలో పెట్టేశారు.

"ఆ వెన్న అర నాది" అని, ఎవరూ నోరు తెరవకముందే దీవెనకు అరచేతులు చాపారు.