నలభై ఒకటో వరుస

ఆదివారం మధ్యాహ్నం, కెఫే వెనక గదిలో పావురాల క్లబ్బు కార్యదర్శి గ్రీట్ లాప్‌టాప్ ముందు కూర్చుని అదే బటన్ నొక్కుతోంది. నొక్కినప్పుడల్లా బ్రౌజర్‌లో ఎర్ర అక్షరాలు. లెక్కలన్నీ తనే కట్టే మాక్రో ఆగిపోయింది. పందెం ఫలితాలు రావడం లేదు.

"అప్పుడే చెప్పాను. కాగితం ఏనాడైనా ఆగిందా?" అన్నాడు డిర్క్, బీరు గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టి.

పదహారో ఏట బడి మానేసి ఇటుకల బట్టీలో చేరిన మనిషి, కొత్తదేదైనా అతనికి గిట్టదు. కానీ ఇవాళ్టి కోపం వేరు. వృద్ధాశ్రమానికి వెళ్తూ అతని పాత నేస్తం ఓడిల్ తన పావురాలన్నీ అమ్మేసి, ఒక్క ఆడపావురాన్ని పాత ఇంటి గూటిలోనే ఉంచాడు. రోజూ వెళ్లి మేత వేసేది డిర్కే. "ఈసారి మొదటి పదిలో రాకపోతే దాన్నీ అమ్మెయ్. నాకోసం నువ్వు తిప్పలు పడొద్దు" అని తేల్చేశాడు ముసలాయన.

"పేజీ మళ్లీ తెరిచాను, వేరే బ్రౌజర్‌లోనూ చూశాను" అంది గ్రీట్.

"ఎక్కడ ఆగిందో చెప్పదా అది?"

ఆమె వెతికింది. "నలభై ఒకటో వరుస. దూరం గడి ఖాళీ. దూరం లేకుండా వేగం ఎలా కడుతుంది?"

అది ఓడిల్ వరుస.

"ఎవడు చెరిపాడది?"

గ్రీట్ మార్పుల జాబితా తెరిచి, తెరను మెల్లగా అతని వైపు తిప్పింది. ఏప్రిల్‌లో వృద్ధాశ్రమం చిరునామా ఎక్కిస్తూ పాత దూరం తీసేసిందీ, కొత్తది వేయనిదీ డిర్కే.

"ఇల్లు మారింది ఆయన. పావురం కాదు కదయ్యా."

డిర్క్ చెవులు ఎర్రబడ్డాయి. "నాలుగు వందల ముప్పై ఎనిమిది కిలోమీటర్లు, రెండు వందల పదిహేడు మీటర్లు" అన్నాడు నేల చూస్తూ. పావురాలను వదిలే చోటి నుంచి ఆ గూటికి దూరం. ముప్పై ఏళ్లు ఓడిల్ నోట విన్న లెక్క.

గ్రీట్ ఆ అంకె గడిలో కొట్టింది, బటన్ నొక్కింది. పేర్లు వరుసగా దిగాయి.

డిర్క్ ఫోన్ చేస్తే మొదటి మోతకే ఎత్తాడు ఓడిల్.

"మూడో స్థానం" అన్నాడు డిర్క్.

"నన్ను బుజ్జగించడానికి చెప్పట్లేదు కదరా?"

"నేనెప్పుడు బుజ్జగించాను నిన్ను?"

"అదీ నిజమే. అయితే... ఉంచుదామా దాన్ని?"

"పదకొండో స్థానమైనా ఉంచేవాణ్ణే, ముసలాడా. బుధవారం దాన్ని నీ దగ్గరికి బుట్టలో పెట్టుకొస్తాను. నర్సులతో చెప్పి ఉంచు."