ఆటలో సి గ్రేడు

ఆయమ్మ చదువు అంతంతమాత్రం. అయినా ఆ ప్రోగ్రెస్ కార్డు మీది అక్షరాలు చదవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. పొద్దున ప్లేస్కూల్లో మేడమ్ బల్ల తుడుస్తుంటే కంటబడింది. రంగులు: బి. అంకెలు: బి. మాటలు: సి. ఆటలు: సి. కింద మేడమ్ చేతిరాత: "ఈ పాపకు ఆడుకోవడం రాదు. ప్రత్యేక కేంద్రంలో చేర్పించడం మంచిది."

మూడున్నరేళ్ల పిల్లకి ఆడుకోవడం రాదట! చేపకి ఈత రాదని రాసినా ఆయమ్మకి ఇంత ఒళ్లు మండేది కాదు.

ఆ ప్లేస్కూల్లో ఆట సంగతి ఆయమ్మకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. బొమ్మల బీరువా తాళంచెవి ఆమె నడుముకే వేలాడుతుంది మరి. అద్దాల బీరువా. చెక్క దిమ్మలు, రైలు, ఎలుగుబంటి, గిన్నెల సెట్టు, అన్నీ బయటినుంచి కనబడతాయి. పావుతక్కువ పదకొండుకి తాళం తీయాలి. ఇరవైరెండు మంది పిల్లల్ని పసుపు చాప మీద కూర్చోబెట్టి తలా ఒక బొమ్మ ఇవ్వాలి. మేడమ్ ఫోన్ పట్టుకుని "గడ్డం పైకి, నవ్వు, కదలకు" అంటూ ఒక్కొక్కరినీ ఫోటో తీస్తుంది. పదకొండు కొట్టేసరికి ఆ ఫోటోలు అమ్మానాన్నల ఫోన్లలో ఉంటాయి. "మీ చిన్నారి ఆడుతూ పాడుతూ నేర్చుకుంటోంది" అని కింద ఒక ముక్క. ఆ వెంటనే బొమ్మలు లాక్కోవాలి. రైలు చక్రం మీద ఇప్పుడే వేలు పెట్టిన పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తాడు. ఆ రైలు లాక్కునే చెయ్యి ఆయమ్మదే. ఇంటికెళ్లేదాకా ఇక పెన్సిలు, చుక్కలు, చుక్కల్ని కలిపే గీతలు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

ఈ సి గ్రేడు పిల్లకి ఆయమ్మ పెట్టుకున్న పేరు పిచ్చుక. క్లాసులో నోరు విప్పదు. కానీ పిల్ల చేసిన అసలు నేరం అది కాదు. ఒడిలో బొమ్మ పెట్టి నవ్వమంటే, పిచ్చుక ఆ బొమ్మని బోర్లా పడుకోబెట్టి, మీద దిమ్మలు దుప్పటిలా పేర్చి, ఫోనుకి వీపు తిప్పి జోకొట్టేది. "వీపు ఫోటో వాళ్లమ్మకి ఎలా పంపను?" అని మేడమ్ విసుక్కునేది. వారంలో నాలుగుసార్లు భుజాలు పట్టి తిప్పి కూర్చోబెట్టేది. చివరికి పిల్ల నేర్చుకుంది. ఫోనువైపు తిరిగి కూర్చుని నవ్వడం నేర్చుకుంది.

ఫోటోలయ్యాక బొమ్మల్ని కడిగి బీరువాలో పెట్టడం ఆయమ్మ పని. పావుగంట కూడా ముట్టని బొమ్మలకి రోజూ స్నానం! పెరట్లో టబ్బు దగ్గర ఆమె కడుగుతుంటే పిచ్చుక వెనకాలే వచ్చి చేరేది. మాటా పలుకూ లేని పిల్ల క్లాసులో లేకపోతే ఎవరికీ పట్టేది కాదు. ఇక అక్కడ చూడాలి దాని నోరు! మగ్గు బస్సయ్యేది, బ్రష్షు డ్రైవరయ్యేది. మునిగిన ఎలుగుబంటిని ఒడ్డుకి లాగి, పొట్ట నొక్కి నీళ్లు కక్కించి, "ఇంజెక్షన్ వద్దులే, భయపడకు" అని ధైర్యం చెప్పేది. నురగ ఎందుకు పేలుతుందని అడిగేది, జవాబు తనే చెప్పేది, అది నచ్చక ఇంకోటి చెప్పేది. ఇద్దరు పిల్లల్ని డబ్బా మూతలతో, పాతగుడ్డలతో పెంచిన మనిషి ఆయమ్మ. మూతలు వరసగా పేర్చే పిల్ల ఊరికే కూర్చోలేదని, లోపల ఏదో కట్టుకుంటోందని ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ మాట మేడమ్‌తో మూడు నెలల కిందటే అనాల్సింది. అనలేదు. ఉద్యోగం పోతుందని నోట్లో నీళ్లు పోసుకున్నట్టు ఊరుకుంది. కార్డు చూశాక ఆమెకి మేడమ్ మీద ఎంత కోపం వచ్చిందో, తన మీద అంతకు రెట్టింపు వచ్చింది.

మేడమ్ రమ్మంటే పదకొండున్నరకి పిచ్చుక వాళ్లమ్మ వచ్చింది. ఆసుపత్రిలో నర్సు, యూనిఫాంలోనే పరిగెత్తుకొచ్చింది. "ఆయా! ఆ పాపని తీసుకురా" అని మేడమ్ కేక. ఆయమ్మ పిల్లని బెత్తెడు నీళ్ల టబ్బు దగ్గరే ఉంచి, తలుపు బార్లా తీసిపెట్టి, తడిచేతులతో ఒక్కతే లోపలికి వచ్చింది.

"ఆడుకోవడం రాకపోవడం ఏంటి మేడమ్?" నర్సు ఫోన్ చూపిస్తోంది. "రోజూ మీరు పంపిన ఫోటోలే ఇవి. ఎంత చక్కగా ఆడుకుంటోందో అని వార్డులో అందరికీ చూపించుకుంటాను!"

"ఫోటోలో బాగానే ఉంటుందమ్మా. కానీ బొమ్మ ఇస్తే ఏం చెయ్యాలో తెలీదు. మాట కూడా లేదు. ఇలాంటి పిల్లలకి వేరే చోట్లుంటాయి. మిగతావాళ్ల మీద ప్రభావం పడకుండా..."

"అబద్ధం," అంది ఆయమ్మ.

మేడమ్ తల తిప్పింది. "నిన్నెవరు అడిగారు? పాపేది?"

"అడక్కపోయినా చెప్తాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ యవ్వారం. బొమ్మ చేతికిచ్చి పట్టుమని పది నిమిషాలు ఉంచరు, పిల్లకి ఆట రాదని కార్డులో రాస్తారా? సిగ్గుండాలి!"

"ఆయా, నోరు అదుపులో పెట్టుకో. రేపటినుంచి పనిలోకి రానక్కర్లేదు."

"రేపటిదాకా ఎందుకు?" నడుముకున్న తాళంచెవి లాగి బల్ల మీద పడేసింది. "రా నర్సమ్మా. నీ కూతురికి ఆట వచ్చో రాదో నువ్వే చూద్దువుగాని. చప్పుడు చెయ్యకు."

పెరటి తలుపు దగ్గర ఇద్దరూ ఆగారు. వెనకాలే మేడమ్ గొణుక్కుంటూ వచ్చింది. పిచ్చుక మెట్టు మీద తడిబొమ్మల్ని వరసగా నిలబెట్టింది. అటు తిరిగి ఉంది. గొంతు మాత్రం అచ్చం మేడమ్‌దే.

"గడ్డం పైకి! కదలకండి! అమ్మలు చూస్తారు!" వేలు ఎలుగుబంటి మీదికి వెళ్లింది. "నువ్వేంటి అటు తిరిగావు? నీకు ఆడుకోవడం రాదా?" తర్వాత దాన్ని ఎత్తుకుని చెవిలో, తన సొంత గొంతుతో చెప్పింది. "ఏం కాదులే. ఫోటో అయిపోయాక మనం ఆడుకుందాం."

నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్లకి ఇన్ని మాటలున్నాయని ఇంట్లో తెలియక కాదు. బడిలో ఏం జరుగుతోందో దాని నోట వినడం ఇదే మొదటిసారి. ఆయమ్మ మేడమ్ వంక చూడను కూడా చూడలేదు. చూస్తే ఆ చెంప మీద తన చెయ్యి పడేదే.

"అమ్మా..." అని నర్సు కూతుర్ని పిలిచేసింది, ఆపుకోలేక.

పిచ్చుక ఉలిక్కిపడి తిరిగింది. అమ్మని చూసింది. అమ్మ చేతిలో ఫోన్ చూసింది. పరిగెత్తుకురాలేదు. గబుక్కున మెట్టు మీద చతికిలబడి, ఎలుగుబంటిని ఒడిలో సరిగ్గా పెట్టుకుని, గడ్డం పైకెత్తి, పళ్లన్నీ కనబడేలా నవ్వింది. అలాగే బిగుసుకుని కూర్చుంది.

నర్సు ఫోన్ జేబులో కుక్కేసి మోకాళ్ల మీద కూలబడింది. బావురుమంది.

పిచ్చుక కదల్లేదు. నవ్వు చెదరకుండా, పళ్ల సందులోంచి, మెల్లగా చెప్పింది.

"ఏడవకమ్మా. ఫోటో పాడవుతుంది."