ఖాళీ నోటికి గుక్కెడు పాలు

మేకపిల్ల కడుపు ఎడమవైపు డోలులా బిగుసుకుపోయింది. పొయ్యి పక్కన కాళ్లు బార్లా చాపి పళ్లు కొరుకుతోంది. తల్లి మంచుగాలికి చచ్చిపోతే, కోడలు ఉరంగో ఇరవై రోజులుగా సీసాపాలతో సాకుతున్న పిల్ల అది.

"నా చేతిలోనే ఏదో లోపముంది అత్తయ్యా," అంది ఉరంగో కళ్లు తుడుచుకుంటూ. "సీసా వేణ్ణీళ్లతో కడిగాను. పాలు గోరువెచ్చగా, కొలిచి, రోజుకు నాలుగుసార్లే పట్టాను. నీరసించిందేమో, ఇంకో సీసా పడితే ఓపికొస్తుందేమో!"

అత్త దుల్మా గోబీ ఎడారి అంచున మేకల మధ్యే పుట్టి, మేకల మధ్యే డెబ్బై ఏళ్లు బతికిన మనిషి. ఆ కడుపెందుకు ఉబ్బిందో చూడగానే తెలిసిపోయింది. తెలిసీ నోరు కుట్టేసుకుని కూర్చుంది, మహాతల్లి!

అసలు సంగతేమిటంటే, అక్కడ ఎవరి గుడారంలోకి ఎవరొచ్చినా ముందు గిన్నెడు ఉప్పు టీ చేతికిస్తారు. ఒకరు తాగుతుంటే ఇంకొకరు ఉత్తనోటితో చూస్తూ ఉండటం వాళ్లకు పాపంతో సమానం. నిన్న తప్పిపోయిన గుర్రాలను వెతుక్కుంటూ ఒకరి తర్వాత ఒకరు ఐదుగురొచ్చారు. కోడలు మంద దగ్గరుంది. దుల్మా టీ పోసినప్పుడల్లా పిల్ల మోర ఎత్తి అరిచింది. "నువ్వు మాత్రం ఏం పాపం చేశావే!" అంటూ ప్రతిసారీ దానికీ అరసీసా పట్టింది. ఐదుసార్లు!

ఇప్పుడు నిజం చెబితే నిన్నగాక మొన్న వచ్చిన కోడలి ముందు తల కొట్టేసినట్టవుతుంది. చెప్పకపోతే ఆ పిచ్చిది మళ్లీ పాలు పట్టి చేజేతులా చంపుకుంటుంది. ఉరంగో సీసా అందుకుంది.

"ఆగవే! పాలు పట్టకు. నిన్న ఐదుసార్లు నేనే పట్టాను. తప్పు నాది."

ఉరంగో నోరెళ్లబెట్టింది. "మీరా? కొలత తప్పితే నన్ను కాల్చుకుతినే మీరా?"

"తర్వాత తిడుదువుగాని. ముందు చెంచాడు నూనె తే. గోరువెచ్చటి నీళ్లలో కాస్త వంటసోడా కలుపు."

రెండూ కొద్దికొద్దిగా పట్టి, ముందుకాళ్లు ఎత్తిపట్టి, ఇద్దరూ వంతులవారీగా ఎడమ డొక్క రుద్దారు. మధ్యాహ్నానికి పిల్ల బ్రేవ్‌మని త్రేన్చింది. కోడలు నవ్వేసింది, అత్త భోరుమంది.

"రేపు పొద్దుటిదాకా చుక్క పాలు పట్టకూడదు," అంది ఉరంగో. "ఎంత ఏడ్చినా సరే. వింటున్నారా అత్తయ్యా?"

"వింటున్నానే తల్లీ."

అంతలో కుక్క మొరిగింది. పొరుగు ముసలాయన గల్సాన్ గుర్రం దిగుతున్నాడు. దుల్మా టీ కెటిల్ ఎత్తగానే పిల్ల తడబడుతూ లేచి అరిచింది. ఆవిడ గుండె తరుక్కుపోయింది. కెటిలూ గిన్నే పట్టుకుని గబగబా బయటికొచ్చి తలుపు మూసేసింది. యాభై ఏళ్ల కాపురంలో ఒక్క అతిథిని కూడా గుమ్మం బయట నిలబెట్టి ఎరగదు.

"ఇక్కడే కూర్చో అన్నా."

"ఈ గాలిలోనా? నేనేం తప్పు చేశానమ్మా?"

"నువ్వు కాదులే. చప్పుడు చేయకుండా తాగు," అంది దుల్మా గిన్నె చేతికిస్తూ. "లోపల ఒకరు పస్తున్నారు."

గల్సాన్ మూసిన తలుపు వైపు ఓసారి చూసి, గుటక వినబడకుండా తాగాడు.