వంతు నొప్పి

బారెడు పొద్దెక్కేసరికి లేవి ఇంటికి సంగటి చట్టి వచ్చేది. ఒక దినం జీవమ్మ తెచ్చేది, ఒక దినం మద్దిలేటి తెచ్చేవాడు. జొన్న సంగటి ముద్ద, దాని మీద ఇంత ఊరిబిండి పచ్చడి. లేవి మంచం మీద కూర్చుని తినేవాడు. తెచ్చినవాళ్లు అతను ఆఖరి కబళం మింగేదాకా వాకిట్లో కాచుకునేవాళ్లు. అది గొంతు దిగగానే అతని కాలినొప్పి కూడా దిగిపోయేది. వాళ్లు ఖాళీ చట్టి తీసుకుని కుంటుకుంటూ ఇంటికి పోయేవాళ్లు. మర్నాడు తెల్లారేసరికి నొప్పి తిరిగొచ్చేది. దాని వెనకే ఇంకో ఇంటి చట్టి వచ్చేది.

ఆత్మకూరుకు రెండు కోసుల దూరంలో మిషన్ దొర వేయించిన ఆ పాలెంలో ఉన్నవి పదకొండు ఇండ్లు. అందరూ రాళ్లు కొట్టి బతికేవాళ్లే. మంచాన పడిన మనిషికి వంతు ప్రకారం సంగటి పెట్టడం, పెట్టినవాళ్లు ఆ దినానికి అతని నొప్పి మోయడం, వాళ్లు బాప్తిస్మం తీసుకోక ముందు నుంచీ ఉన్నదే. అది ఉండవచ్చునా కూడదా అని వాళ్లు దొరను అడగలేదు. దొరకు తెలిసే దారీ లేదు.

నొప్పి ఒంటరిగా రాదు. అది పుట్టిన గడియను వెంటబెట్టుకుని వస్తుంది. మునుపు మద్దిలేటిని తేలు కుట్టినప్పుడు లేవి వంతు పడింది. తన ఇంట్లో కూర్చున్న లేవికి బండ కింది తేలు, దాని కొండి, మద్దిలేటి తిట్టిన బూతుతో సహా అన్నీ తెలిసిపోయాయి. ఎవరి నొప్పి వాళ్లకు మాత్రం ఏమీ చూపించదు.

లేవికి అనుమానం పుట్టింది అక్కడే.

ఐదు వారాల కింద మిషన్ గుడికి కప్పు వేయడానికి దుంగల మీదుగా మోకుతాడుతో లాగుతుంటే నాపబండ జారింది. మోకు పట్టుకున్నది ఎనిమిది మంది. అందరికంటే ముందు లేవి, అతని వెనకనే ఏసేపు. బండ కింద నిలబడి గడారుతో దాన్ని ఎగదోస్తున్నవాడు లేవి కొడుకు దావీదురాజు. ఇరవై రెండేండ్లవాడు, అక్కడికక్కడే పోయాడు. బండ పల్టీ కొట్టి లేవి కాలు విరిచింది. లేవికి గుర్తున్నది ఒకటే. తన వెనక మోకు సడలింది. సడలిందంటే వెనకవాడు వదిలినట్టే.

మరి తన నొప్పి మోసిన పది ఇండ్లవాళ్లూ ఆ గడియను చూసి ఉండాల గదా? చూసినవాళ్లు నోరెందుకు తెరవరు?

"నీకేం కనపడింది జీవమ్మా?" అని అడిగాడు ఒకరోజు.

"దుమ్ము."

"దుమ్మేనా?"

"బండ పడితే దుమ్ము లేయక పూలు లేస్తాయా చిన్నాయనా? తిను, సల్లారిపోతాది."

మద్దిలేటిని అడిగితే వాడు తన కాలివేళ్లు చూసుకున్నాడు. "నొప్పి మోసేటోనికి సూసే తీరిక యాడిదప్పా" అన్నాడు. తేలు కుట్టిన సంగతి ఏడాది పొడుగునా చెప్పుకున్న మనిషికి ఈ మాటకు మాత్రం తీరిక లేదంట.

ఇక ఏసేపు. తన వంతు వచ్చిన మూడుసార్లూ చట్టిని మోచేతుల మధ్య ఇరికించుకుని వచ్చాడు. రెండు అరచేతులకూ తువ్వాలు చుట్టి ఉంది. లేవి ముఖం చూడకుండా వాకిట్లో కూర్చుని, చూడకుండానే కుంటుకుంటూ పోయాడు. చేతులు దాచేవాడు చేసిందేదో దాస్తున్నాడని లేవి లెక్క. ఆఖరికి పెండ్లాం కృపమణి మీద కూడా అతనికి అనుమానమే. కొడుకును పోగొట్టుకున్న తల్లి, ఐదు వారాల్లో ఒక్కసారైనా ఏసేపును శపించలేదు.

ఆదివారం దొర కర్నూలు నుంచి వస్తున్నాడు. మోకు ఎవరో వదిలారన్న మాట అతని దాకా పోయింది, అదెవరో ఆరాధన అయ్యాక లేవిని అడుగుతానని కబురు పంపాడు. లేవి పేరు చెబితే చాలు. ఆ మనిషికి సంఘంలో చోటుండదు, మిషన్ ఇల్లు వదిలి పోవాలి. ఏసేపు పెండ్లాం రత్నమణికి నెలలు నిండాయి. లేవికి అదీ తెలుసు. అయినా చెప్పాలనే ఉంది. చెప్పేముందు తన కండ్లతో ఒకసారి చూస్తే ఇక ఎవరూ కాదనలేరు.

శనివారం మద్దిలేటి వంతు. నొప్పి వాడింటికి పోయింది కాబట్టి లేవి కట్టె ఊతంతో లేచి నిలబడగలిగాడు.

"మే, ఒక చట్టిలో సంగటి పెట్టు. ఏసేపింటికి తీసకపోతా."

కృపమణి తెడ్డు ఆగింది. "వాడేం మంచాన పడలేదే."

"సేతులు సుట్టుకోని తిరుగుతాండాడు గదా. నొప్పి ఉంటే వంతు ఉంటాది."

ఆమె ముద్ద పెట్టి, చట్టికి ఉట్టి తాడు కట్టి అతని భుజానికి తగిలించింది.

అతను వీధిలో పోతుంటే జీవమ్మ ఊడ్చేది ఆపింది. ఏసేపు అరుగు మీద ఉన్నాడు. లేవిని చూసి లేచాడు.

"ఏం మామా, ఇట్లొస్తివి?"

"కూసో. తిను."

"నాకేమైంది తినడానికి? వద్దు మామా. నా నొప్పి నాకుండనీ."

"దాసుకోవాల్సింది ఏమన్నా ఉండాదా?"

ఏసేపు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. లోపలి నుంచి రత్నమణి, "అంత దూరం మోసుకొస్తే కాదంటావా, తిను" అంది. వాడు తువ్వాలు విప్పాడు. అరచేతుల్లో చర్మం లేదు. మోకు పోయిన దారి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఇంకా పచ్చిగానే ఉంది. ఆ చేతులతో తినలేడు. లేవి కోపంగానే కబళాలు చేసి వాడి నోట్లో పెట్టాడు. ఆఖరి కబళం మింగేముందు ఏసేపు కండ్లు మూసుకున్నాడు.

లేవి అరచేతులు భగ్గుమన్నాయి.

ఎదురుగా ఒక వీపు కనిపించింది. చెమటతో తడిసిన వీపు, తనదే. పాట వినిపించింది. మునుపు బండ ఎత్తేటప్పుడు "పెద్దమ్మా, పెద్దమ్మా" అని ఊరి దేవతను కేకేసి మొదటి మాటకే లాగేవాళ్లు. దొర అది మాన్పించి "స్తోత్రం, స్తోత్రం" నేర్పాడు. ఇందులో మొదటి మాటకు ఊపిరి పట్టి, రెండో మాటకు లాగాలి. ఎనిమిది గొంతులు మొదటి స్తోత్రం అన్నాయి. ఏడు జతల చేతులు ఆగాయి. ముందున్న వీపు ఆగలేదు. పండ్ల కింద పెద్దమ్మ పేరు నలిగింది. ముప్పై ఏండ్ల అలవాటు ఒక్క గుంజు గుంజింది. ముందువాడు ఒక్కడే లాగితే వెనక మోకు సడలకేమవుతుంది? బండ దుంగల మీంచి పక్కకు ఒరిగింది. మోకు బుసకొడుతూ బండ వైపు పరిగెత్తింది. ఒక్కొక్కరే వదిలేశారు. ఈ రెండు చేతులు మాత్రం వదల్లేదు. "దావీదూ, జరుగు" అని అరుస్తూ, కాలుతూ, మోకుతో పాటే పోయాయి.

లేవి అరుగు మీద కూర్చుండిపోయాడు.

"నీకెప్పుడు తెలిసె?" అన్నాడు.

"నా మొదటి వంతు దినమే."

"రేపు నేను నీ పేరు సెప్తానని తెలుసునా?"

"తెలుసు. మాకు ఇంకో ఊర్లో రాళ్లు దొరకవా మామా? ఆ సంగతి మోసుకోని నువ్వు యాడికి పోతావు?"

ఇంటికొచ్చేసరికి కృపమణి గడపలో ఉంది. "సూసినావా?" అంది. అంతే అంది. ఆమెకూ తెలుసన్నమాట, వంతు మోసినవాళ్లు ఎవరో చెప్పే ఉంటారు.

"తెలిసీ మాపటేల నాకు గంజి పోస్తివి గదే ఇన్నాళ్లు."

"పోయక? ఒకర్ని మట్టిలో పెట్టిన్యాం. ఇద్దర్ని పెట్టల్నా?"

ఆదివారం పొద్దున జీవమ్మ చట్టి తెస్తే లేవి వద్దన్నాడు. తన కాలినొప్పి తనే మోసుకుంటూ గుడికి పోయాడు. కప్పు సగమే పడింది. మిగతా సగంలోంచి ఎండ సూటిగా దిగుతోంది. ఆరాధన అయ్యాక దొర పుస్తకం మూశాడు.

"లేవీ, మోకు ఎవరు విడిచిపెట్టిరి?"

లేవి కట్టె ఆనించుకుని లేచాడు. "ఎవరూ ఇడ్సలేదు దొరా. పాట కంటే ముందు నేను లాగినా. పెద్దమ్మ పేరు తల్సుకోని లాగినా. నా కొడుకు దాంతోనే పాయ."

ఎవరూ తల తిప్పి అతన్ని చూడలేదు. ఆ గుడిలో ఆ మాట కొత్తగా విన్నది దొర ఒక్కడే.